చింతపండుతో తోమిన తూటాలు

ఇత్తడి మీద చిలుము కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. మా రాయచోటి వైపు ఆడపిల్లకి మాటలు సరిగ్గా రాకముందే చెంబు తోమడం వస్తుంది. చింతపండు ముద్ద, పిడికెడు బూడిద, కాస్త ఓపిక. ఇంతే విద్య. ఆ విద్యతోనే కువైత్ వెళ్ళాను, ఆ విద్యతోనే ఒక ఇంటి తుపాకీ నోరు మూయించాను. ఇందులో గొప్ప చెప్పుకునేదేమీ లేదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళంతా నీరసం ఆవరిస్తుంది. మా చెల్లెలి కూతురు రాయమని వెంటపడుతోంది కాబట్టి రాస్తున్నాను, లేకపోతే ఈ ముచ్చట నాతోనే పోయేది.

కువైత్‌లో అర్దియా అనే పేటలో మా ఇల్లు. మా ఇల్లంటే నేను పనిచేసిన ఇల్లు. ఏళ్ళ తరబడి ఊడ్చి, తుడిచి, కడిగిన ఇంటిని మాది అనుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని నా లెక్క. ఆ ఇంటావిడని నేను మామా అని పిలిచేదాన్ని. అక్కడ ఇళ్ళలో పనిచేసే మేమంతా అలాగే పిలుస్తాం, ఆమె మాకంటే చిన్నదైనా సరే. మామా భర్త నా కఫీల్, అంటే నా కాగితాలకు పూచీ ఉన్న యజమాని. ఆయన ఆ వేసవిలో వ్యాపారం పని మీద దేశం దాటి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉండిపోయాడు, ఎందుకంటే ఆయన తిరిగొచ్చే లోపల ఇరాక్ ట్యాంకులు వచ్చేశాయి. ఇంట్లో మిగిలింది మామా, ఆమె మామగారైన ముసలాయన, కాలేజీ చదివే ఒక్కగానొక్క కొడుకు, నేను. ముసలాయన్ని పెద్ద బాబా అనేదాన్ని, కొడుకుని చిన్న బాబా అనేదాన్ని. చిన్న బాబా బడికి పోయే వయసులో నేను ఆ ఇంట్లో అడుగు పెట్టాను. వాడి డబ్బాలో రొట్టె పెట్టిందీ, జ్వరమొస్తే తడిగుడ్డ వేసిందీ నేనే.

మొదట్లో భయపడ్డాం. తర్వాత అలిసిపోయాం. భయం కూడా రోజూ పడుతూ ఉంటే ఇంటిపనిలాగే అయిపోతుంది. పొద్దున లేవాలి, రొట్టెల కోసం వరసలో నిలబడాలి, నీళ్ళు వచ్చినప్పుడు పట్టుకోవాలి, కరెంటు పోతే ఆ ఉడుకులో కూర్చోవాలి, ఎత్తేవాడు లేక వీధిలో కుళ్ళుతున్న చెత్తని తగలబెట్టాలి, ట్యాంకు పోతుంటే కిటికీ దగ్గర్నుంచి జరగాలి. మామా బయటికి వచ్చేది కాదు. చిన్న బాబాని బయటికి పోనిచ్చేది కాదు. రొట్టెకైనా, నూనెకైనా నేనే పోవాలి. చెక్‌పోస్టుల దగ్గర సైనికులు నన్ను చూసి "హిందీ?" అని అడిగేవారు. హిందీ అంటే ఇండియా మనిషి. అవునంటే పొమ్మనేవారు. వాళ్ళలో కొందరు మరీ పసిపిల్లలు, మీసాలు కూడా సరిగ్గా రాలేదు. ఒకడు నా చేతిలో రొట్టెల వైపు చూస్తూ గుటకలు మింగితే ఒకటి తుంచి ఇచ్చాను. ఇంటికొచ్చి ఆ మాట చెబితే చిన్న బాబా నా మీద ఇంతెత్తున లేచాడు. ఆకలి ఎవరిదైనా ఆకలే కదా అన్నాను. వాడు వినలేదు.

నేను హిందీని కాబట్టి నా గదిని సైనికులెవరూ సోదా చెయ్యరని ఇంట్లోవాళ్ళ నమ్మకం. అలా వచ్చి చేరింది నా గదిలోకి ఆ తుపాకీ. పెద్ద బాబా వయసులో ఉన్నప్పుడు ఎవరో పెద్దమనిషికి కాపలాగా పనిచేశాడట, అప్పటిది. కారు సీటు కింద పట్టేలా గొట్టం పొట్టిగా ఉన్న రకం. మీట నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేల్చి తర్వాతి దాన్ని తనే లోపలికి లాక్కుంటుందట. దాన్ని నా పాత చీరల్లో చుట్టి, నా ట్రంకు పెట్టె కింద పెట్టారు. నన్ను ఒక్కమాట అడిగినవాళ్ళు లేరు. దాని పక్కనే పడుకునేదాన్ని. అలవాటైపోయింది. మనిషికి దేనికైనా అలవాటవుతుంది, అదే మన దరిద్రం.

పక్క వీధిలో మా రాజంపేట మనిషి ఒకాయన డ్రైవరుగా ఉండేవాడు. నేను అన్నా అనేదాన్ని. రొట్టెల వరసలో కలిసినప్పుడల్లా నా మీద కేకలేసేవాడు.

"ఏం మే, నీకేమన్నా మతి ఉండాదా? మా యనక ఇంట్లో తుపాకి దొరికిందంట. ఆ ఇంటి మగోళ్ళని వాకిట్లోనే నిలబెట్టి కాల్సినారు. ఇల్లు తగలబెట్టినారు. నేను బస్సు మాట్లాడతాండా. బస్రా మీంద బాగ్దాదు, ఆడ్నించి జోర్డానులో అమ్మాను. ఆడ మన ఇమానాలు వస్తాండాయంట. వస్తావా, రావా?"

"రావాలనే ఉండాదన్నా. పాస్‌పోర్టు ఇంట్లో బీరువాలో ఉండాది. తాళం కఫీల్ కాడ ఉండాది. ఆయప్ప యాడుండాడో దేవునికే తెలియాల."

నా పెట్టె కింద ఏముందో అన్నకు చెప్పలేదు. చెబితే ఆ వరసలోనే నన్ను కొట్టేవాడు.

చిన్న బాబాకి కొందరు స్నేహితులు ఉండేవారు. అల్ రాయ్ పేటలో మూతపడ్డ ఒక కారు వర్క్‌షాపులో కలుసుకునేవారు. మామా కళ్ళుగప్పి వీడూ అప్పుడప్పుడు పోయివచ్చేవాడు. వాళ్ళు చెక్‌పోస్టు మీద పడాలని ఏర్పాటు చేసుకుంటున్నారని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరి ఆయుధం వాళ్ళే తెచ్చుకోవాలని వాళ్ళ షరతు. చిన్న బాబా తాతని అడిగాడు. తాత సంబరపడ్డాడు. ముసలాయనకి వాకిలి దాటే ఓపిక లేదు కానీ పౌరుషానికి తక్కువ లేదు. మామా మొదట బతిమాలింది. తర్వాత ఒట్లు పెట్టింది. కొడుకు కాళ్ళు పట్టుకోబోతే వాడు వెనక్కి జరిగాడు. "పక్కింటి అబ్బాయిలు చస్తుంటే నేను నీ కొంగు పట్టుకుని కూర్చోవాలా?" అన్నాడు. మామా లేచి వెళ్ళి మొహం కడుక్కుంది. ఆ తర్వాత దాని గురించి మాట్లాడటం మానేసింది. వాడు వెళ్ళడం ఖాయమని నేను అనుకున్నాను. వాడు తిరిగి రాడని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

వాడు వెళ్ళాల్సిన రోజు పొద్దున పెద్ద బాబా వంటింట్లోకి ఒక రేకు డబ్బా తెచ్చి నేల మీద బోర్లించాడు. రకరకాల తూటాలు. పొడుగువి, పొట్టివి, లావువి, సన్నవి. ఎడారిలో వేటకి వాడినవి కొన్ని, ఎవరెవరో ఇచ్చినవి కొన్ని. ఎన్నేళ్ళుగా ఏ మూల చెమ్మలో మగ్గిందో ఆ డబ్బా, చాలావాటికి ఆకుపచ్చగా చిలుము పట్టింది. పెద్ద బాబా కళ్ళకి పొరలు. ఆయనకి కనపడదు. అందుకని నన్ను కూర్చోబెట్టాడు.

"బియ్యంలో రాళ్ళు ఏరే కళ్ళు నీవి. ఏరు," అన్నాడు. నేను బియ్యం ఏరే పెద్ద పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

మనవడు పక్కన కూర్చుంటే ఆయన పాఠం మొదలుపెట్టాడు. "దీని గొట్టం పొట్టిది. ఆ పొడుగు తూటా ఇందులో కూర్చోదు, తీసెయ్. ఇది కూర్చుంటుంది, కానీ ఇందులో మందు ఎక్కువ. పొట్టి గొట్టంలో అంత మందు కాలదు. మిగతాది బయటికొచ్చి మండుతుంది. నువ్వెక్కడ దాక్కున్నావో వాళ్ళకి దీపం పట్టి చూపించినట్టే. తీసెయ్. సొట్ట పడింది వద్దు, ఉబ్బింది వద్దు. అడుగున ఒకే గుర్తు ఉన్నవి ఒక పక్కకి పెట్టు." ఒక్కొక్క తూటా ఎత్తి చూపించడం, ఆయన వేళ్ళతో తడిమి ఔననడం, కాదనడం. పెళ్ళికి పిల్లని ఎంచేవాళ్ళు కూడా అంత శ్రద్ధగా ఎంచరు. చివరికి పళ్ళెంలో ఒక దోసెడు మిగిలాయి. నా నడుము విరిగిపోయింది. వాడి కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. ఆ వయసులో వాడికి అది పండగలా ఉంది. నాకు ఏడుపొచ్చింది.

"వీటిని పొడిగుడ్డతో తుడిచి ఉంచు. చిలుము ఉంటే లోపల ఇరుక్కుంటాయి. సాయంత్రానికి కావాలి," అని పెద్ద బాబా కర్ర పట్టుకుని వెళ్ళిపోయాడు. చిన్న బాబా నమాజుకి లేచాడు.

పొడిగుడ్డతో చిలుము పోతుందా? ఆ మనిషి జన్మలో ఒక్క చెంబు తోమి ఉంటే కదా తెలిసేది. కాసేపు రుద్దాను. గుడ్డ పచ్చబడింది కానీ తూటా తెల్లబడలేదు. ఇరుక్కుంటే వాడి ప్రాణం మీదికి వస్తుంది. అంత మాట విన్నాక సగం సగం పని ఎలా చేస్తాను? ఊరి నుంచి తెచ్చుకున్న చింతపండు సీసాలో అడుగున ఇంకా కొంచెం ఉంది. నెలల తరబడి పొదుపుగా వాడుకుంటున్నాను. పోతే పోయిందని మొత్తం తీసి బేసిన్‌లో పిసికి, తూటాలన్నీ అందులో పోశాను. చెత్త కాల్చిన బూడిద ఎలాగూ ఉంది. మా అమ్మ దీపపు కుందులు తోమినట్టే ఒక్కొక్కదాన్ని తోమాను. తోమి మళ్ళీ నీళ్ళలో వేశాను. మొండి చిలుము నానితేనే వదులుతుంది.

మధ్యాహ్నం మామా వంటింట్లోకి వచ్చింది. బేసిన్ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత దగ్గరికి వచ్చి వేలు పెట్టి ఒక తూటాని కదిలించింది.

"ఎప్పటి నుంచి నీళ్ళలో ఉన్నాయి?"

"పొద్దుటి నుంచి మామా. ఇంక తీసేస్తాను."

"ఇంకా నల్లగానే ఉన్నాయి. ఉండనీ," అంది. తనే పొయ్యి వెలిగించి, గిన్నెతో నీళ్ళు కాచి, ఆ వేడినీళ్ళు బేసిన్‌లో పోసింది. ఆ చేతులు అంట్లలో పడటం నేను చూసిన మొదటిసారి అదే. కష్టకాలం ఎవరికైనా పని నేర్పుతుందని మురిసిపోయాను. "సాయంత్రం దాకా తియ్యకు. మామయ్య అడిగితే అవుతున్నాయని చెప్పు," అంది. సరేనన్నాను.

సాయంత్రం తుడిచి ఆరబెట్టి పళ్ళెంలో పెట్టి ఇచ్చాను. బంగారంలా ఉన్నాయి. నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. పెద్ద బాబా ఒకటి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన మొహం మారిపోయింది.

"దేంతో తుడిచావు?"

చెప్పాను. దాచాల్సిందేముంది? ఆయన తుపాకీ తెమ్మన్నాడు. వీధిలో ట్యాంకులు పోతున్న మోత వచ్చేదాకా ఆగి, దాన్ని రజాయిల్లో చుట్టి, గొట్టం ఇసక బస్తాలోకి పెట్టి మీట నొక్కాడు. టక్‌మని చిన్న చప్పుడు. అంతే. ఇంకోటి పెట్టాడు, మళ్ళీ టక్. ఇంకోటి పెట్టినా అంతే. తూటా లోపల మందు తడిసిందని, పాతవి కాబట్టి నీళ్ళు లోపలికి తాగేశాయని అప్పుడు చెప్పాడు. మిగిలినవాటిలో ఏది పలుకుతుందో ఏది పలకదో సైనికుడి ఎదుట నిలబడి పరీక్ష చేసుకోలేం కదా అన్నాడు. ఏరి పారేసినవి ఎలాగూ ఆ తుపాకీకి పనికిరావు.

చిన్న బాబా నా మీదికి వచ్చాడు. కొట్టలేదు. కొడితేనే బాగుండేది. "గాడిదా, బుర్రలేనిదానా, ఎవరికి పని చేస్తున్నావు నువ్వు? వాళ్ళకా?" అన్నాడు. నేను పెంచిన పిల్లాడు. మామా మధ్యలోకి వచ్చి నిలబడింది. "దాన్ని ఏమీ అనకు. దానికేం తెలుసు? గిన్నెలనుకుంది," అంది. నన్ను వెనకేసుకొచ్చిందని ఆ పూట ఆమె కాళ్ళకి మొక్కాలనిపించింది. వట్టి చేతులతో వెళ్తే వాళ్ళకి బరువవుతావు తప్ప సాయం కావని పెద్ద బాబా మనవణ్ణి ఆపాడు. వాడు గోడకేసి తల కొట్టుకున్నాడు. వెళ్ళలేదు.

స్నేహితులు వెళ్ళారు. ఒక్కడూ తిరిగి రాలేదు. పట్టుకున్నవాళ్ళని తర్వాత ఎవరి ఇంటి ముందుకి వాళ్ళని తెచ్చి, తల్లుల కళ్ళ ముందే కాల్చారు. ఒక ఇల్లు మా వీధి చివర్లోనే. ఆ తల్లి అరుపు విన్నాను. దాని గురించి ఇంతకంటే రాయలేను.

పెద్ద బాబా తుపాకీని విప్పి, ముక్కలు ముక్కలుగా మురుగు గుంటలో పడేయించాడు. తర్వాత సోదాకి వచ్చారు, ఏమీ దొరకలేదు, పోయారు. ఇల్లు నిలిచింది. కానీ చిన్న బాబా నా చేతి తిండి ముట్టడం మానేశాడు. పళ్ళెం పెడితే "నీ చేతిది నాకు హరామ్" అని తోసేశాడు. నేను వండింది మామా తన పళ్ళెంలో వడ్డించుకుని తను వండినట్టు పెడితే తినేవాడు. నేను గదిలోకి వస్తే లేచి పోయేవాడు. వాళ్ళందరి చావూ నా చింతపండు వల్లేనేమో, ఇంకొక తుపాకీ ఉండి ఉంటే వాళ్ళు బతికేవారేమో అని నాలో నేను కుళ్ళిపోయాను. నిద్ర లేదు, ఆకలి లేదు. పని మాత్రం చేస్తూనే ఉన్నాను, అంట్లకి మన బాధలతో పని లేదు కదా.

బస్సు ఖాయమైందని అన్న కబురు పెట్టాడు. మామా సుత్తి తీసుకుని భర్త బీరువా తాళం తనే పగలగొట్టి నా పాస్‌పోర్టు తీసి చేతిలో పెట్టింది. నా ట్రంకు పెట్టెని నాతో పాటు పట్టుకుని వాకిలి దాకా మోసింది. అక్కడ ఆగి అడిగింది.

"ఆ రోజు నీళ్ళలోనే ఉండనీ అని ఎందుకన్నానో తెలుసా?"

"బాగా మెరవాలని."

ఆమె నవ్వింది. ట్యాంకులు వచ్చాక ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను. "మా నాన్నకి వేట పిచ్చి. చిన్నప్పుడు తూటాల డబ్బా పక్కన నీళ్ళ గ్లాసు పెట్టానని నా చెంప పగలగొట్టాడు. నువ్వు చేసింది పొరపాటు. నేను చేసింది పొరపాటు కాదు."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది. "మరి చిన్న బాబాకి ఎందుకు చెప్పలేదు మామా? వాడు నా చేతి మెతుకు ముట్టడం లేదు!"

"చెప్పను. నువ్వూ చెప్పకు. నువ్వు వెళ్ళిపోతున్నావు. వాడి కోపం నీ మీద ఉంటే నీతోనే పోతుంది. నా మీద ఉంటే వాడు ఈ ఇంట్లో ఉండడు. ఉండకపోతే ఇంకెక్కడో తూటాలు సంపాదిస్తాడు. ఆ వీధి చివర ఇల్లు చూశావు కదా," అంది. నా గడ్డం పట్టుకుని బతిమాలుతున్నట్టు చూసింది. ఆవిడ నన్ను బతిమాలడం!

ఇన్నేళ్ళు వాళ్ళ ఎంగిలి కంచాలు ఎత్తాను, వాళ్ళ మురికి బట్టలు ఉతికాను. పోతూ పోతూ ఆ తల్లి చేసిన పనిని కూడా నా పెట్టెలోనే సర్దింది. నాకు కోపం వచ్చింది, జాలి వచ్చింది, అన్నిటికంటే ఎక్కువ అలసట వచ్చింది. "ఖలాస్ మామా," అన్నాను. అయిపోయింది, ఇంక వదిలెయ్ అని. బస్సెక్కాను.

బస్సులో అన్నకి అంతా చెప్పేశాను. ఎడారి దారి, దుమ్ము, తాగడానికి వేడి నీళ్ళు. అన్న విని, "ఆయమ్మ తల్లి మే. తల్లులు అట్లనే సేస్తారు," అన్నాడు. ఆ మాటకి కూడా నాకు కోపమే వచ్చింది.

యుద్ధం అయిపోయాక మళ్ళీ కువైత్ పోక తప్పలేదు. ఈసారి రిగ్గైలో వేరే ఇల్లు. ఏళ్ళు గడిచాయి. అన్న కూడా తిరిగొచ్చాడు. ఒకరోజు ఫోన్‌లో మామా పోయిందని చెప్పాడు. "ఇంగేం మే, ఆయమ్మ పోయె గదా. ఈ పొద్దన్నా ఆ పిల్లోనికి చెప్పేసెయ్. ఎన్నాళ్ళు మోస్తావు ఆ నింద?" అన్నాడు. నిజమే అనిపించింది. మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి జమయ్యాలో, అంటే అక్కడి పెద్ద కిరాణా కొట్టులో, వాడు కనిపించాడు. గడ్డం నెరిసింది. తోపుడు బండిలో చిన్న కూతుర్ని కూర్చోబెట్టుకున్నాడు. నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. బండి పక్కకి తిప్పాడు. నేను వెంట వెళ్ళాను. "బాబా," అన్నాను. ఆగాడు.

"మామా పోయిందని విన్నాను. ఒక మాట చెప్పాలి," అన్నాను.

వాడి మొహం ఒక్క క్షణం చిన్నప్పటిలా అయింది. నన్ను చెప్పనివ్వలేదు. "ఆమె చివరిదాకా నిన్ను ఒక్క మాట అననివ్వలేదు. నీ పేరెత్తి నేను తిడితే ఏడ్చేది. నా స్నేహితులు నీవల్ల పోయినా సరే, నీకోసం ఏడ్చింది. అంత మంచిది మా అమ్మ," అన్నాడు.

మాట నాలుక చివర ఉంది. వాడికి మిగిలింది ఆ తల్లి జ్ఞాపకమొక్కటే. నాకు నా నింద పోయి ఏం ఒరుగుతుంది?

"అవును బాబా," అన్నాను. "చాలా మంచిది."

వాడు తలూపి బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. బండిలో పిల్ల వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపింది. వాడు ఆ సాయంత్రం తుపాకీ పట్టుకుని అల్ రాయ్ వర్క్‌షాపుకి వెళ్ళి ఉంటే ఆ పిల్ల లేదు. నేనూ చెయ్యి ఊపాను.